తిరస్కృత చిత్రం: క్రమసంఖ్య 417

బట్టల గది, ఆసుపత్రి కింది అంతస్తు
జూన్ 12

తమ్ముడికి,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "యథావిధిగా" అని రాస్తావు. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

నేను బాగానే ఉన్నాను. దుప్పట్లకు అంచులు కుట్టడం, చిరిగినచోట అతుకు వేయడం, మూలన వార్డు నంబరు కుట్టడం, ఇవీ నా రాచకార్యాలు. ఈ వారం రోగుల గౌనులు నూట ఇరవై వచ్చాయి. అన్నింటికీ వీపు మీది నాడాలు తెగిపోయి ఉన్నాయి. డాక్టర్ని చూసి పారిపోతూ తెంచుకుంటారని మా సూపర్‌వైజరమ్మ సిద్ధాంతం.

అసలు సంగతికి వస్తాను. మీ బావ పోయి ఐదు నెలలు కావస్తోంది. నా దగ్గర ఆయన ఫొటో లేదు. పెళ్ళి ఫొటో ఉన్నా, అందులో నా పక్కనున్న మీసాలాయనలో ఈయన పోలికే లేదు. తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆయన ఒక్క ఫొటోకూ నిలబడలేదు. కెమెరాలకు కళ్ళు పోతపోసే మనిషి, తన మీదికి మాత్రం కెమెరా తిప్పనిచ్చేవాడు కాదు. "వాటిలో లోపాలు నాకు తెలుసు, నన్ను వదిలెయ్" అనేవాడు.

మీ ఆఫీసులో కెమెరాల పరీక్షల కోసం ఆయన్ని నిలబెట్టి చిత్రాలు తీసేవారు కదా. అందులో ఒకటి నాకు కావాలి. ఏదో ఒకటి పంపి చేతులు దులుపుకోకు. జనవరి ఎనిమిది, గురువారం మధ్యాహ్నం మూడింటికి తీసింది కావాలి. అదే కావాలి.

అక్క

---

పరీక్షల విభాగం, రెండో అంతస్తు
జూన్ 19

గౌరవనీయురాలైన అక్కయ్యకు,

విషయం: దివంగతులైన బావగారి చిత్రం కొరకు అభ్యర్థన.
సూచిక: తమరి లేఖ, తేదీ లేదు అనుకొన్నాను; మూలన ఉన్నది.

పై విషయాన్ని పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, తమరు అడిగినది చిత్రం కాదు. తమరు నవ్వవద్దు, వివరిస్తాను. మా సంస్థ బొటనవేలి గోరంత పలక మీద నలభై వేల సూక్ష్మ కటకాలను పోతపోస్తుంది. ఒక్కొక్కటి వెంట్రుక మందం. ఇటు తిప్పి దీపం ముందు పెడితే అవి గోడ మీద బొమ్మలు వేస్తాయి. అటు తిప్పి కెమెరాలో పెడితే ఎదుటి దృశ్యాన్ని ఒక్కొక్కటి తన చోటి నుంచి, తన వాటా మేరకు చూస్తుంది. ఫలితంగా వచ్చేది నలభై వేల చుక్కలు. తేనెపట్టును మసిపూసి అద్దినట్టుంటుంది. ఆ చుక్కలను లెక్క ప్రకారం కూర్చితే చిత్రమవుతుంది. విశేషమేమనగా, తీసిన తర్వాత కూడా, ఏళ్ళు గడిచినా సరే, దగ్గరి వస్తువు స్పష్టంగా కావాలా, దూరపుది కావాలా అన్నది తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. మనుషులకు లేని ఈ సౌకర్యాన్ని మేము యంత్రాలకు కల్పించి, దానికి బోనస్ కూడా తీసుకున్నాము.

బావగారు వృత్తిరీత్యా ఆ కటకాలు పోతపోసే అచ్చుల మేస్త్రీ. గీతలు, అంకెలు గల పరీక్షా పటాన్ని పట్టుకొనుటకు ఒక ఇనుప స్టాండు కొనాలన్న ఫైలు నాలుగేళ్ళుగా పై అంతస్తులో పరిశీలనలో ఉన్నందున, ఆయన చేయి వణకదన్న కారణంగా ఆయనను "తాత్కాలిక స్టాండు"గా నియమించాము. ముందు ఛాతీ ఎత్తున పటం, దాని పైగా, మూరెడు వెనుకన ఆయన ముఖం. మసక వెలుతురు పరీక్షలో చిత్రం తీయడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. అంతసేపు స్టాండు కదలరాదు, ముఖంలో ఏ భావమూ మారరాదు. ఆయన ఈ ఉద్యోగంలో అద్వితీయుడు. ఇప్పుడు స్టాండు వచ్చింది. కొంచెం వణుకుతుంది.

జనవరి ఎనిమిదిన తీసినది క్రమసంఖ్య 417. అది తిరస్కృతాల జాబితాలో ఉన్నది. దానికి బదులు 391 గాని, 402 గాని పంపగలను. రెండింటిలోనూ ముఖం దివ్యంగా ఉన్నది. 417 మాత్రమే కావాలన్నచో దరఖాస్తులో "అవసరానికి కారణం" అన్న గడి నింపవలసి ఉంటుంది. కావున కారణం తెలుపగలరు.

ఇట్లు,
పరీక్షల రికార్డుల అధికారి
(తమ్ముడు)

---

ఇస్త్రీ దుకాణం మీది గది
జూన్ 28

తమ్ముడికి,

నీ గడి ఎంత పెద్దదో తెలియదు. పట్టినంత రాసుకో, మిగిలింది నువ్వు ఉంచుకో.

నేను ఇల్లు వదిలి ఈ గదికి వచ్చింది నవంబరులో. గొడవేమీ జరగలేదు, అదే గొడవ. పంతొమ్మిదేళ్ళుగా ఆయన నాతో మాట్లాడింది కాగితం మీద పెడితే నీ రిజిస్టరులో రెండు పేజీలు నిండవు. నేను పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడితే తలెత్తి, "వాన పడేట్టుంది, గొడుగు తీసుకెళ్ళు" అన్నాడు. అదీ నాకిచ్చిన వీడ్కోలు. గొడుగు తీసుకునే వచ్చాను. వాన పడలేదు.

జనవరి ఎనిమిదిన ఇంటి తాళాలు ఇవ్వడానికి మీ దగ్గరికి వచ్చాను. గేటు దగ్గర కాపలా ముసలాయన నన్ను గుర్తుపట్టి, "మేస్త్రీగారు పైన నిలబడి ఉన్నారమ్మా" అన్నాడు. నిలబడటమే ఉద్యోగమని అప్పుడు నాకు తెలియదు. రెండో అంతస్తులో మీ గది తలుపు వేసి ఉంది. తలుపుకి అరచేయంత అద్దం ఉంది కదా, దానిలోంచి చూశాను. గదంతా చీకటి, ఆయన ముఖం మీద మాత్రం ఒక్క దీపం. నీ వీపు నా వైపు ఉంది. ఆయన ముఖం నా వైపు ఉంది.

ఆయన నన్ను చూశాడు. చూడలేదని అనకు, నా మీద కారిడార్ వెలుతురు పడుతోంది, కళ్ళు నేరుగా నా కళ్ళలో పడ్డాయి. రెండు నెలల తర్వాత చూడటం. ఆయన కదల్లేదు. కనుబొమ్మ కూడా ఎత్తలేదు. గోడని చూసినట్టు చూశాడు. నేను కాసేపు నిలబడ్డాను. ఎంతసేపంటే నాకు తెలియదు, తల తిరిగినంతసేపు. తర్వాత మెట్లు దిగి, తాళాలు కాపలాయన చేతిలో పెట్టి వచ్చేశాను. తొమ్మిది రోజుల తర్వాత ఆయన బస్సులో కూర్చున్న సీట్లోనే పోయాడు.

ఇంకో సంగతి. తాళాలు నీ చేత పంపవచ్చు, పోస్టులో వేయవచ్చు. నేనే వచ్చానంటే ఎందుకు వచ్చానో నీకు చెప్పాలా? "ఉండు" అంటాడేమోనని వచ్చాను.

అందుకని ఆ ముఖం నాకు మళ్ళీ చూడాలి, ఈసారి తీరిగ్గా. పీడ వదిలింది అనుకున్న మనిషి ముఖమా, కాదా. అంతే, మరేం అక్కర్లేదు. ఆ చిత్రం తీసింది నువ్వు. నువ్వైనా చూసి ఉంటావు.

అక్క

---

పరీక్షల విభాగం
జూలై 15

గౌరవనీయురాలైన అక్కయ్యగారికి,

తమరి లేఖ అందినది. చిత్రం 417 విషయం పరిశీలింపబడినది. సదరు చిత్రం సాంకేతిక కారణంచే తిరస్కరింపబడినది. తిరస్కరింపబడిన చిత్రాలు బయటి వ్యక్తులకు ఇవ్వబడవు. ఆనాడు పరీక్షా గదిలో అసాధారణమైనదేదీ గమనింపబడలేదు. కావున అభ్యర్థన ముగించబడినట్లు భావించగలరు. ప్రత్యామ్నాయంగా బావగారి గుర్తింపు కార్డులోని ఫొటో పెద్దది చేసి పంపబడును.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
రికార్డుల అధికారి

---

ఇస్త్రీ దుకాణం మీది గది
జూలై 18

ఒరేయ్ ఫైలూ,

నీ ఉత్తరంలో ఏడు "బడు"లు ఉన్నాయి. దుప్పట్లు లెక్కపెట్టే చేత్తో లెక్కపెట్టాను, తప్పు రాదు.

నీకు ఆరేళ్ళప్పుడు నా పలక పగలగొట్టి, అమ్మ అడిగితే ఏమన్నావో గుర్తుందా? "పలక పగలగొట్టబడింది" అన్నావు. ఎవరు పగలగొట్టారురా అంటే మళ్ళీ అదే మాట. అమ్మకి నవ్వాగలేదు, నీకు దెబ్బా పడలేదు. అప్పుడే ఒకటి పడి ఉంటే ఇవాళ నాకు ఈ ఉత్తరం వచ్చేది కాదు. తప్పు చేసినప్పుడల్లా నువ్వు నీ వాక్యంలోంచి లేచి బయటికి వెళ్ళిపోతావు. ఆ అలవాటు మీదే పెద్ద ఆఫీసరువయ్యావు.

నేను "బయటి వ్యక్తి"నా? సరే. బయటి నుంచే అడుగుతున్నాను. "అసాధారణమైనదేదీ గమనింపబడలేదు" అన్నావే, ఎవరు గమనించలేదు? ఆ గదిలో ఉన్నది ఇద్దరు. ఒకడు పోయాడు.

గుర్తింపు కార్డు ఫొటో పంపితే చించి తిరుగు టపాలో పంపుతాను. ఆ గదిలో ఏం జరిగిందో రాయి. నాకు చెడ్డదైనా సరే. ఈసారి "నేను" అని మొదలుపెట్టు.

---

నా గది
ఆగస్టు 2

అక్కా,

నేను అతన్ని కదలవద్దన్నాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ రోజు నువ్వు నా వెనక ఉన్నావని నాకు తెలియదు. నీ జూన్ ఉత్తరం చదివినప్పుడే తెలిసింది. తెలిశాక ఏం చేశానో నువ్వే లెక్కపెట్టావు.

జరిగింది రాస్తాను. దీపం వేశాను. "కదలకు బావా" అన్నాను. ప్రతిసారీ అనే మాటే, అనకపోయినా అతను కదలడు, అయినా నియమావళిలో ఉంది గనక అంటాను. మీట నొక్కి గడియారం చూస్తున్నాను. అతని వైపు చూడలేదు. నేను చూడవలసింది సెకన్ల ముల్లు. నువ్వు చూసిన ఆ గోడలాంటి ముఖం బావది కాదక్కా. అది నేను పెట్టమన్న ముఖం. పరీక్షకి అదే కావాలి. నాలుగేళ్ళుగా నేను అతని చేత అదే అభ్యాసం చేయించాను, మెచ్చుకుంటూ.

ఐదో సెకను దాటాక పటం నేల మీద పడేసిన చప్పుడయింది. తలెత్తాను. బావ నా మీదికి వస్తున్నాడు. "ఆగు" అని గట్టిగా అరిచాడు.

నన్నే అన్నాడనుకున్నాను.

"ఏంటి బావా, పటం పడేశావు? మూడు సెకన్లలో అయిపోయేది కదా!" అన్నాను. అతను నన్ను తోసుకుంటూ తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ గదిలో ఎప్పుడూ గాలి యంత్రాల హోరు. తలుపు వేసి ఉంటే లోపల బాంబు పేలినా కారిడార్‌లోకి వినపడదు. పదిహేను నిమిషాలకు తిరిగి వచ్చాడు. చేతిలో తాళాల గుత్తి ఉంది. నేను ఆ గుత్తిని చూశాను. మీ ఇంటి గుత్తి నాకు తెలుసు. అడగలేదు. మీ సంగతుల్లో తలదూర్చకపోవడం నా మర్యాద అనుకునేవాణ్ణి. మళ్ళీ పటం పట్టుకో అన్నాను. పట్టుకున్నాడు. 418 బాగా వచ్చింది.

ఆ సాయంత్రం రిజిస్టరులో రాసినది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"417. తిరస్కృతం. కారణం: పటధారి ఐదవ సెకనులో స్థానం వదలెను. మరియు 'ఆగు' అని అరచి, తనకు అధికారం లేకపోయినను, పరీక్షను నిలుపవలసినదిగా పై అధికారిని ఆదేశించెను. పదిహేను నిమిషాలు గైర్హాజరు."

చేతిరాత నాదే. మరునాడు సంజాయిషీ నోటీసు కూడా ఇచ్చాను. హోదాలో అతను నాకంటే ఒక మెట్టు కింద కదా. ఇంట్లో బావ, ఆఫీసులో పటధారి అని విడదీసి చూడగలిగినందుకు నా మీద నాకు గౌరవం కూడా కలిగింది. అతని జవాబు ఫైల్లో ఉంది. రెండు ముక్కలు. "ధ్యాస తప్పింది. మళ్ళీ జరగదు." నేను కింద "ఆమోదించడమైనది" అని రాసి సంతకం చేశాను. మళ్ళీ జరగలేదు.

చిత్రం సంగతి. చుక్కలను కూర్చాలంటే ఆ రోజే, ఆ పలకతోనే, ఉత్త తెల్ల గోడను తీసిన ఒక చిత్రం కావాలి. ఏ కటకం ఎక్కడుందో దాన్ని బట్టే తెలుస్తుంది. మార్చిలో రికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు, అందులో ఏమీ లేదని చెప్పి అలాంటి తెల్ల చిత్రాలు ఆరువందలు తుడిపించాను. నీ మొదటి ఉత్తరానికి జవాబులో వేరే చిత్రాలు చూపింది అందుకే. ఆ రోజుదీ పోయిందనుకున్నాను. పోలేదు. తిరస్కృతాల అరలో 417తో పాటే ఉంది. ఆ అరను శుభ్రం చేయడానికి కూడా ఎవరూ తెరవరు.

కూర్చి చూశాను. రెండు ప్రతులు పంపుతున్నాను. మొదటిది దూరానికి సరిచేసింది. అందులో నువ్వు చూసిన ముఖమే ఉంది. రెండోది దగ్గరికి, పటానికీ కెమెరాకీ మధ్య ఖాళీగా ఉండవలసిన చోటుకి సరిచేసింది. కెమెరా ఎనిమిది సెకన్లూ తెరుచుకునే ఉంది గనక అక్కడ కూడా ఒక మనిషి ఉన్నాడు, తలుపు వైపు వస్తూ. మామూలు కెమెరా అయితే అది మరక. ఈ పలక బావ తన చేత్తో పోతపోసిన పలక, అందుకని మనిషి దొరికాడు. కానీ అక్కా, నువ్వు అడిగిన జవాబు ఆ ముఖంలో కనిపిస్తుందని మాట ఇవ్వలేను. నడుస్తున్న మనిషి, మసక వెలుతురు. నేను రోజంతా చూశాను. ఒకసారి ఒకలా ఉంది.

ప్రతులు తీసినందుకు ముద్రణ రిజిస్టరులో "కారణం" గడిలో "మా అక్కకు" అని రాశాను. ఆ గడిలో అది నెగ్గుతుందో లేదో తెలియదు.

నేను తలెత్తి ఉంటే. నేను తాళాల సంగతి అడిగి ఉంటే. తొమ్మిది రోజులు టైముంది.

తమ్ముడు

---

బట్టల గది
ఆగస్టు 21

తమ్ముడూ,

రెండూ అందాయి. వారం రోజులు కవరు విప్పలేదు. తర్వాత పనిలోనే, దుప్పట్ల బల్ల మీద, పట్టపగలు విప్పాను. ఇంట్లో ఒక్కదాన్నే చూడటానికి ధైర్యం చాలలేదు. సూపర్‌వైజరమ్మ తొంగిచూసి, "ఎవరమ్మా?" అంది. మా ఆయన అన్నాను. "ఏ ఫొటోలో?" అంది. రెండింటిలోనూ అన్నాను.

మొదటిది గోడే. నేను ఆ రోజు తప్పు చూడలేదు, అంతమాత్రం తెలిసింది.

రెండోదాన్ని ముందు తిరగేసి పట్టుకున్నాను. పొగ అనుకున్నాను. ఆయన చొక్కాలోంచి వెనక బీరువా గీతలు కనపడుతున్నాయి. భుజం ఒకటే, కళ్ళు మాత్రం రెండు జతలు. ఒక చెయ్యి ముందుకు ఉంది, వేళ్ళు లేవు. ఎడమ మోచేతి దగ్గర నేను వేసిన అతుకు మాత్రం స్పష్టంగా వచ్చింది, విచిత్రం. నోరు ఉండాల్సిన చోట నల్లగా ఉంది. సంతోషమా, కోపమా అని నేను కూడా చూశాను. అద్దం పెట్టి చూశాను. నువ్వన్నదే నిజం, ఒకసారి ఒకలా ఉంది. పంతొమ్మిదేళ్ళు పక్కనుండి చూసినా తెలియని ముఖం, ఇప్పుడు నలభై వేల కళ్ళు పెట్టినా తెలియడం లేదు. నోరు తెరిచి ఉంది, అది చాలు. నా కోసం ఆయన నోరు తెరవగా నేను ఎన్నడూ చూసినదాన్ని కాదు.

నీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. రాత్రికి తగ్గుతుంది, పొద్దున్నే దుప్పట్ల మూటలతో పాటు మళ్ళీ వస్తుంది. నువ్వు ఆదివారం రావద్దు. పై ఆదివారం రా. వచ్చి ఏమీ చెప్పకు, తిని వెళ్ళు.

నేనూ నీకు ఒకటి చెప్పకుండా దాచాను. ఆ గురువారం సాయంత్రం నా ఫోన్ మూడుసార్లు మోగింది. ఆయనే. తాళాలు అందాయని చెప్పడానికి చేస్తున్నాడనుకున్నాను. ఆయన అలాంటివాడే కదా, వస్తువు అందితే అందిందని చెప్పేవాడు. "అందాయి" అన్న మాట ఆయన నోట వినలేక ఎత్తలేదు. శుక్రవారం మోగలేదు. తొమ్మిది రోజులు టైముందని నువ్వు రాశావు, నాకూ ఉంది.

నిన్న గోడ గడియారం ఎదురుగా నా గది గుమ్మంలో నిలబడ్డాను. ఐదు సెకన్లు చాలా పొడుగురా. మనిషి ఎదురుగా ఉండి పలకకపోతే ఐదు దాకా ఎవరూ ఆగరు. నేను మూడు దగ్గరే తిరిగి ఉంటాను. ఆయన ఐదు దగ్గర కదిలాడు. రెండు సెకన్లు. నీ నియమావళి అంతా, మా కాపురం అంతా ఆ రెండింటి మధ్య పడిపోయింది.

ఇప్పుడు నీకు ఒక దరఖాస్తు. నీ భాషలోనే అడుగుతున్నాను, తిరస్కరించకు.

417 దగ్గర నువ్వు రాసిన కారణం తప్పు. ఆ పేజీ చింపవద్దు, కొట్టివేయవద్దు, కింద ఎర్ర సిరాతో సవరణ రాయి. పటధారి "ఆగు" అన్నది పరీక్షను కాదు, పై అధికారినీ కాదు, తన భార్యను అని రాయి. "భార్య" అనే రాయి, విడిగా ఉంటున్న అనీ, అప్పటి అనీ ఏమీ చేర్చకు. తేదీ వేయి, నీ సంతకం పెట్టు.

సాక్షి సంతకం అన్న గడి ఉంటే అది ఖాళీగా వదిలెయ్. నన్ను అడగకు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడ లేను, మెట్లు దిగుతున్నాను.

అక్క